నలభై ఒక్క సమానాలు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు నోటితో చెప్పిన నలభై ఒక్క అంకెలు. వాటితో కలిపి కట్టలు కట్టిన నూట ఎనభై నాలుగు కాగితాలు. మా మేనకోడలి పీహెచ్‌డీ పుస్తకంలో ఒక అధ్యాయం, ముప్పై ఎనిమిది పేజీలు. ఆమెకి దాదాపు ఖాయమనుకున్న లెక్చరర్ ఉద్యోగం ఒకటి. ఆమె వయసులోంచి పద్నాలుగు నెలలు. నా లెక్క మీద ఆమెకున్న నమ్మకం. దాన్ని దేనితో కొలవాలో తెలియక ఒకటి అని వేసుకున్నాను. అన్నిటినీ కూడితే ఏదో ఒక మొత్తం వస్తుంది గానీ, కాగితాల్నీ నెలల్నీ కలిపి కూడకూడదు. అందుకని విడివిడిగానే ఉంచుతున్నాను.

నేను నర్సీపట్నంలో లారీలు తూచే కాటా మీద పనిచేస్తాను. ఇరవై ఆరేళ్ళయింది. చెరకు, జీడిపిక్కలు, ఇసుక, కంకర, ఏది వచ్చినా ప్లాట్‌ఫాం మీదికి ఎక్కించి, తూచి, చీటీ ఇవ్వడం నా పని. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు ఆగలేదు. లారీకీ లారీకీ మధ్య పాత పుస్తకాలు తిరగేసేవాణ్ణి. సగటు నుంచి ఒక్కో అంకె ఎంత దూరం పోయిందో ఎలా కొలుస్తారో, వంద ఇళ్ళని అడిగి వెయ్యి ఇళ్ళ గురించి ఎంతవరకు మాట్లాడవచ్చో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. కాటా గదిలోకి కంప్యూటర్ వచ్చాక ఇంకా సులువైంది. ఊళ్ళో బీఈడీ పిల్లలు, ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టు పట్టికల కోసం నా దగ్గరికి వచ్చేవారు. ఎవరినీ తప్పు పట్టికతో పంపలేదని నాకో పేరుండేది.

మా చెల్లెలి కూతురు ఆ పేరు వింటూ పెరిగింది. వాళ్ళది రోలుగుంట దగ్గర పల్లె, వరీ చెరకూ పండించే ఇల్లు. ఆ ఇంట్లోంచి యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి మనిషి ఆమె. పీహెచ్‌డీకి కొయ్యూరు వైపు కొండ ఊళ్ళని తీసుకుంది. అడవి నుంచి ఒక్కో ఇల్లు ఎంత ఏరుకొస్తుంది, అందులో సంతలో ఎంత అమ్ముతుంది, ఇంటికి ఎంత ఉంచుకుంటుంది అన్నది ఆమె ప్రశ్న. తొమ్మిది ఊళ్ళు, నూట ఎనభై నాలుగు ఇళ్ళు, ఇంటికో ఫారం. వాటిని నింపడానికి రెండు చలికాలాలు ఆ కొండల్లో తిరిగింది. మడమలు పగిలి నెత్తురు కారేవి.

కుంకుడుకాయలకి ఫారంలో రెండు గళ్ళు ఉండేవి: ఎన్ని అడ్డలు ఏరారు, ఎన్ని అడ్డలు అమ్మారు. అడ్డ అంటే అర కుంచం, మా ఇళ్ళల్లో ధాన్యం కొలిచే డబ్బా. కొండ మీద కూడా అదే డబ్బా, అదే పేరు. నేను మా ఇంట్లో ఉన్న అడ్డ నిండా కాయలు పోసి, అంచు మీద చేత్తో రాసి చదును చేసి, తూచి, అడ్డకి ఎన్ని కిలోలో తేల్చాను.

అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా నేనే. నలభై ఒక్క ఫారాల దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ ఇళ్ళల్లో ఏరినదానికంటే అమ్మింది ఎక్కువ ఉంది. ఎనిమిది అడ్డలు ఏరి తొమ్మిది అమ్మారు. పన్నెండు ఏరి పద్నాలుగు అమ్మారు. కాటా మీద కూర్చునేవాడి కంట్లో ఇలాంటిది నలుసులా పడుతుంది. వచ్చిన సరుకుకంటే పోయిన సరుకు ఎక్కువ ఉండకూడదు. మా దగ్గర ఎప్పుడైనా అలా వస్తే, చక్రాలకి బురద అంటుకుందనో, క్లీనరు దిగకుండా బండిలోనే ఉండిపోయాడనో అనుకుంటాం. రెండో తూకం కొట్టేసి, మొదటిదే మళ్ళీ వేసి, పక్కన 'సమానం' అని రాస్తాం. పది ఇరవై కిలోల దగ్గర ఎవరూ గొడవ పడరు.

ఆ నలభై ఒక్క ఫారాలకీ అదే చేశాను. అమ్మిన గడిలో ఏరిన అంకెనే వేశాను. పిల్ల ఎండలో తిరిగి తిరిగి తప్పు రాసుకుంది, చెబితే చిన్నబుచ్చుకుంటుంది అనుకుని ఆమెకి చెప్పలేదు. ఏ ఏ ఫారాలు మార్చానో వాటి నంబర్లు నా జేబు పుస్తకంలో రాసుకున్నాను. ముందున్న అంకెలు రాసుకోలేదు. తప్పు అంకెని దాచుకోవడం ఎందుకనిపించింది. ఫారాల కట్టల్ని కాటా గది మూల నేల మీద పెట్టాను. ఆ వర్షాకాలం చెదలు పట్టి ఒకే మట్టి ముద్ద అయిపోయాయి. చీపురుతో ఊడ్చి బయట పోశాను. అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా అని ఆమెకి నేనే ధైర్యం చెప్పాను.

ఆ సమానాల్లోంచి ఆమె ఒక అధ్యాయం రాసింది. దానికి 'ఏమీ మిగుల్చుకోని ఇళ్ళు' అని పేరు పెట్టింది. రెండు నెలలు ఏరి, మోసుకొచ్చి, ఎండబెట్టి, ఆఖరికి తమ తలకి రుద్దుకోవడానికి పిడికెడు కాయలైనా ఉంచుకోకుండా అమ్ముకునే నలభై ఒక్క కుటుంబాల కథ అది. మా ఆవిడ చదివించుకుని విని కళ్ళు తుడుచుకుంది. నేనూ విన్నాను. నోరు తెరవాల్సింది ఆ పూటే. పుస్తకం అప్పటికి బైండింగు నుంచి వచ్చేసింది, రంగు అట్ట మీద బంగారు అక్షరాలతో ఆమె పేరు మెరుస్తోంది. ఊరుకున్నాను.

కొన్ని నెలలకి పరీక్షకుల రిపోర్టులు వచ్చాయి. రెండూ మెచ్చుకున్నాయి. రెండోదాని చివర రెండు వాక్యాలున్నాయి. పద్నాలుగో పట్టికలో నలభై ఒక్క ఇళ్ళకి ఏరినదీ అమ్మినదీ ఏ తేడా లేకుండా సమానంగా ఉన్నాయి. అభ్యర్థి దీన్ని వైవాలో వివరించాలి.

వైవాకి పంతొమ్మిది రోజులుంది. డిగ్రీ చేతికొస్తే ఆ పై నెలలోనే ఒక కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. రాకపోతే ఆ ఖాళీ ఆగదు. ఆమె పుస్తకమూ, లాప్‌టాప్పూ, రెండు జతల బట్టలూ పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

"అందరూ గైడ్ దగ్గర ప్రాక్టీస్ చేస్తారు. నాకు నువ్వే సాలు మావయ్యా. నీకంటే గట్టిగా అడిగేవోడు ఆ హాల్లో ఉండడు" అంది.

మధ్యాహ్నం బళ్ళు తక్కువ. కాటా గది వసారాలో కుర్చీ వేసుకుని నేను పరీక్షకుణ్ణి అయ్యేవాణ్ణి. ఆమె నిలబడి చెప్పేది. అన్నం క్యారేజీ తెచ్చిన మా ఆవిడ మెట్టు మీద కూర్చుని వినేది.

"తొమ్మిదూళ్ళే ఎందుకు తీసుకున్నారు?" అని అడిగాను మొదటిరోజు.

ఆమె చెప్పింది. బాగానే చెప్పింది.

"అలాగ నేల సూపులు సూసి సెప్తే నీకు మార్కులెవులేత్తారే? ఆయన మొహంలోకి సూసి సెప్పు" అంది మా ఆవిడ.

"వైవాలో మార్కులుండవు అత్తా."

"మార్కుల్లేకుండా పరీచ్చేటి? మరి పాసయ్యేవో లేదో ఎలాగ తెలుస్తాది?"

చీటీ కోసం నిలబడ్డ లారీ డ్రైవరు ఇదంతా వింటున్నాడు. "దేని గురించి సదివేవమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను చీటీ జేబులో పెట్టుకుంటూ, "కుంకుడికాయలకీ డాట్రుందన్నమాట. మా ఇంటిదాని జుట్టు రాలిపోతంది, ఓ పాలి సూద్దువు గానీ" అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమె అంతలా నవ్వడం అదొక్కసారే చూశాను.

రోజులు దిగుతున్నాయి. ఆమె జవాబులు రోజురోజుకీ నున్నబడుతున్నాయి. నేను అన్ని పట్టికల మీదా ప్రశ్నలు వేసేవాణ్ణి. పద్నాలుగో పట్టిక దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక బండి హారన్ కొట్టేది, లేదా కొట్టిందనిపించి లేచి వెళ్ళేవాణ్ణి. ప్లాట్‌ఫాం ఖాళీగా ఉన్నా తెర మీద సున్నా నిలకడగా ఉండేది కాదు. గాలికి అయిదు కిలోలు, పది కిలోలు చూపించి మళ్ళీ సున్నాకి వచ్చేది. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజుల్లో మాత్రం దాన్ని చూడకుండా చీటీల పుస్తకం సర్దుకునేవాణ్ణి.

వైవా ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆమే ఆ పట్టిక తీసింది.

"ఇది నువ్వడగటం లేదు మావయ్యా. ఆయన అడిగేది ఇదే."

"నువ్వు చెప్పు."

"అప్పు తీర్సాలి, ఉప్పూ నూనే కొనుక్కోవాలి, అందుకని అంతా అమ్మేస్తారు. పుస్తకంలో రాసిందే." ఆగింది. "ఒక్కటే నాకు తెగటం లేదు. నూట పన్నెండో ఇంటి ముసలావిడ నేను వచ్చేసేటప్పుడు ఇన్ని కాయలు మూటకట్టి ఇచ్చింది. ఆవిడ ఈ నలభై ఒకటిలో ఉంది. ఏటీ మిగుల్చుకోని ఇంట్లోకి ఆ కాయలెక్కడివి?"

"ఎవరో ఇచ్చి ఉంటారు" అన్నాను.

అంకెలు మార్చడం పొరపాటు అనుకున్నా, ఈ మాట పొరపాటు కాదు. ఆమె తలాడించింది. నా మాటని అంత తేలిగ్గా నమ్మినందుకు నాకు భయం వేసింది.

వైవా నాలుగు రోజులుందనగా, ఆదివారం, ఆ ముసలావిడని చూసొద్దామని పట్టుబట్టింది. హాల్లో ఆవిడ మాటలు నాలుగు చెబితే బలంగా ఉంటుందని ఆమె ఆలోచన. కొయ్యూరు వరకు బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆ పైన నడక. ఆమె ముందు, నేను వెనక. దారి పొడుగునా ఆమె జవాబులు పైకి అనుకుంటూనే ఉంది.

ముసలావిడ గుర్తుపట్టింది. "ఫారాలమ్మి ఒచ్చింది" అని లోపలికి కేకేసింది. వాకిట్లో చాప మీద కాయలు ఎండుతున్నాయి. ఈ ఏడు ఎన్ని ఏరారని మా మేనకోడలు మామూలుగా అడిగింది. చెప్పడమెందుకు, కొలిచి చూపిస్తానని ఆవిడ అడ్డ తెచ్చింది. కాయలు పోసింది. అంచు దాటాయి. ఇంకా పోసింది. కుప్పలా పైకి లేచి, ఆ పైన పోసినవి జారి కింద పడేదాకా పోసింది. అప్పుడు "ఒకటి" అంది.

"అలా పోస్తారేటి? పైన చేత్తో రాసెయ్యరా?" అని అడిగాను.

"కొండ ఇచ్చినదాన్ని రాసేసి కొలుత్తామేటి బావూ? ఏరుకొచ్చింది ఇలాగే కొలవాల. ఇళ్ళల్లో ఒకలికొకలం ఇచ్చుకున్నా ఇలాగే. రాత్తే ఇచ్చినోలికి మొహం సూపించలేం. సంతలో అంటావా, ఆడ సావుకారి అడ్డ, సావుకారి చెయ్యి. అది రాసి అమ్మడమే."

మా మేనకోడలు నవ్వుతూ నావైపు తిరిగింది. "అయితే రెండు అడ్డలున్నాయన్నమాట. రెండేళ్ళు తిరిగేను, ఎప్పుడూ కొలవమనలేదు మావయ్యా. ఎంతని అడిగేను, రాసుకున్నాను." సంచిలోంచి కొక్కెం తరాజు తీసింది. కుప్పగా పోసిన అడ్డ, రాసిన అడ్డ, రెండూ తూచాం. నాలుగు కుప్ప అడ్డలు అయిదు రాసిన అడ్డలతో సరిపోయాయి.

నా మనసులో లెక్క అప్పటికే అయిపోయింది. ఎనిమిది కుప్పగా ఏరితే పది రాసినవి. తొమ్మిది అమ్మితే ఒకటి ఇంట్లో ఉంది. ఆ నలభై ఒక్క ఇళ్ళవాళ్ళూ నిజమే చెప్పారు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు వెనక్కి తిప్పి లెక్క వేస్తోంది. పెన్ను కాసేపు గబగబా కదిలింది, తర్వాత ఆగింది.

"మావయ్యా. ఏరింది పెద్ద అడ్డతో, అమ్మింది చిన్న అడ్డతో సెప్పేరు. అంటే కొన్ని ఇళ్ళల్లో అమ్మిన అంకె పెద్దది రావాలి. నా పట్టికలో అలాంటిల్లు ఒక్కటీ లేదు. ఒక్కటైనా ఉండాలి కదా."

నేను ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను.

"ఉండేవి" అన్నాను.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

బస్సు ఒక మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది.

"తప్పు పడ్డాయనుకుని సమానం చేశాను" అన్నాను.

"రిపోర్టు వచ్చినప్పుడు అర్థమైందా నీకు?"

"అయింది."

"పదిహేను రోజులైంది."

"అవును."

"ఫారాలు?"

"చెదలు తిన్నాయి. నీకు తెలుసు కదా."

"పాత అంకెలు ఎక్కడైనా రాసుకున్నావా?"

"నంబర్లు రాసుకున్నాను. అంకెలు రాసుకోలేదు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. నర్సీపట్నం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. దిగాక బస్టాండులో పక్కకి వెళ్ళి గైడ్‌కి ఫోన్ చేసింది. చాలాసేపు వింది, తక్కువ మాట్లాడింది. ఇంటికొచ్చాక మా ఆవిడతో చెబుతుంటే విన్నాను.

"మేడమ్ ఊరుకోమన్నారు అత్తా. అంతా అమ్మేస్తారని సెప్పెయ్, అడిగినాయన కొండెక్కి సూస్తాడా అన్నారు. ఉద్యోగం గుర్తుపెట్టుకో అన్నారు."

"మరి నువ్వేటి సేస్తావు?"

ఆ మిగిలిన మూడు రోజులూ ప్రాక్టీస్ లేదు. ఆమె వసారాలోకి రాలేదు. నేను ఖాళీ కుర్చీ చూస్తూ చీటీలు ఇచ్చాను. రెండు చీటీల మీద బండి నంబర్లు తారుమారు చేశాను. ఇరవై ఆరేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

వైవాకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆమె మొదటి అరగంట అన్నీ మేం అనుకున్నట్టే చెప్పింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పుస్తకంలో ఒకచోట కాగితం ముక్క పెట్టుకున్నాడు. అది ఎన్నో పేజీయో నాకు తెలుసు. అక్కడ తెరిచాడు.

"ఈ సమానాల సంగతి చెప్పమ్మా."

ఆమె నీళ్ళు తాగింది. ఉద్యోగమూ, రోలుగుంట ఇంట్లో ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న మా చెల్లెలూ ఆ గ్లాసు కింద పెట్టేలోపు ఆమెకి గుర్తొచ్చి ఉంటారు.

"అవి నిజం కావు సార్" అంది. రెండు అడ్డల సంగతి చెప్పింది. ఏరిన అంకెల్ని పాతిక శాతం పెంచితే మిగిలిన నూట నలభై మూడిళ్ళ పట్టిక సరవుతుందని చెప్పింది. "ఈ నలభై ఒకటికి అమ్మిన అంకె పోయింది సార్. పెంచడానికీ తగ్గించడానికీ అంకె లేదు."

"ఎలా పోయింది?"

"ఎక్కించేటప్పుడు మార్చడం జరిగింది."

నేను లేచి నిలబడ్డాను. "మార్చింది నేను సార్. ఆ అమ్మాయికి తెలీదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మీరెవరు?"

"మావయ్యనండి. పట్టికలు నేను చేశాను."

"ఈ పుస్తకం మీద మీ పేరుందా?"

"లేదండి."

"అయితే కూర్చోండి. ఇక్కడ జవాబు చెప్పాల్సింది ఆమె."

కూర్చున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

పుస్తకం తిప్పి పంపారు. ఆ అధ్యాయం తీసెయ్యాలి, నలభై ఒక్క ఇళ్ళని తీసెయ్యాలి, పట్టికలన్నీ మళ్ళీ చెయ్యాలి, మళ్ళీ సమర్పించాలి, మళ్ళీ వైవా. పద్నాలుగు నెలలు పట్టింది. ఆలోపు ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది. డిగ్రీ మాత్రం వచ్చింది, నూట నలభై మూడిళ్ళతో. కొత్త పట్టికలు ఆమె ఒక్కతే చేసుకుంది. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. మా ఇంటికి వస్తుంది, మావయ్యా అనే పిలుస్తుంది, అన్నం తింటుంది. ఏ లెక్కా నాకు చూపించదు. మొన్న విద్యార్థుల హాజరు కూడవలసి వస్తే, నేను పక్కనే ఉండగా, వేళ్ళ మీద లెక్కపెట్టే మా ఆవిడ చేత కూడించుకుంది. మా ఆవిడ రెండుచోట్ల తప్పు కూడింది. నేను నోరు మెదపలేదు.

డిగ్రీ వచ్చిన ఏడాది చివర ఒక పని మీద కొయ్యూరు వెళ్ళాను. సంతలో ఒకతను నన్ను ఆపాడు. ముసలావిడ పక్కింటివాడు, ఆ ఆదివారం మమ్మల్ని అక్కడ చూశాడు, నలభై ఒకటిలో అతని ఇల్లూ ఉంది.

"పుస్తకం అచ్చయిందంట కదా బావూ. మా ఇల్లు ఎన్నో పేజీలో ఉంది?"

లేదని చెప్పాను. ఎందుకు లేదని అడిగాడు.

"మేం సెప్పింది తప్పా?"

"మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. నేను మార్చాను."

అతను భుజం మీది సంచి సర్దుకుని, "అయితే మళ్ళీ రాసుకో" అన్నాడు, అదేదో చిన్న పని అయినట్టు.

అప్పటినుంచి బళ్ళు లేని ఆదివారాలు కొండెక్కుతున్నాను. జేబు పుస్తకంలో నంబర్లు ఉన్నాయి. ఒక్కో ఇంటి దగ్గరా రెండు గళ్ళు గీస్తాను. మా మేనకోడలు అడిగిన ఏడాది అమ్మినది గుర్తుంటే ఒక గడిలో, ఈ ఏడాది అమ్మినది రెండో గడిలో. గుర్తు లేదంటే ఖాళీగా వదిలేస్తాను. ఇప్పుడు ఏ గడిలోనూ నా అంకె వెయ్యను. నిండిన కాగితాలు మా మేనకోడలికి ఇస్తాను. తీసుకుంటుంది. ఏమి చేస్తుందో చెప్పదు, నేనడగను.

కొన్ని ఇళ్ళకి తాళాలున్నాయి, పనుల కోసం దిగువకి వెళ్ళిపోయారు. ఒక ఇంటి మనిషి నేను వెళ్ళేటప్పటికి చనిపోయి పది రోజులైంది. కోడలు కొత్తగా వచ్చింది, ఆమెకేమీ తెలియదు. ఆ నంబరు కొట్టేద్దామని పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేశాను. అంకె దొరకనంత మాత్రాన ఆ ఇంటి బాకీ తీరినట్టు కాదు.

ఇప్పటికి ఇరవై నాలుగు ఇళ్ళు అయ్యాయి. ఇవ్వాల్సినవి పదిహేడు.